మధ్యాహ్నం ఎండ, టెసరాక్ట్, బ్రౌన్ దొర

కర్నూలు ఎండకు బయటికి పోబుద్ధి కాక, టెసరాక్ట్‌ను సోర్సు కోడ్ నుంచి బిల్డ్ చేద్దామని కూర్చున్నా. బొమ్మలోని అక్షరాలు చదివి టెక్స్టుగా ఇచ్చే కమాండ్ లైన్ టూల్ అది. హెచ్‌పీలో 1985లో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్ అయింది.

కాన్ఫిగర్ కొట్టగానే లెప్టోనికా అనే లైబ్రరీ లేదంది. అది పెట్టి 'మేక్' అంటే ల్యాప్‌టాప్ ఫ్యాను మా సీలింగ్ ఫ్యాను కంటే గట్టిగా తిరిగింది. ఇన్‌స్టాల్ అయినాక కూడా లైబ్రరీ కనబడలేదని మొండికేసింది. ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ కొట్టడం మరిచిపోయినా. ప్రతిసారీ ఇంతే నేను.

'మేక్ చెక్' పాసయింది, సంతోషం. నా అసలు పరీక్ష వేరే ఉంది: సి.పి. బ్రౌన్ దొర 1852 నాటి తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో ఒక పుట. తెలుగు డేటా ఒక్కటే ఇస్తే ఇంగ్లిష్ అర్థాలను కూడా తెలుగే అనుకుని ఏదేదో రాసింది! రెండు భాషలూ చెప్పినాక దారికొచ్చింది గానీ, 'మ'కీ 'వు'కీ తేడా మాత్రం పట్టలేకపోయింది.

కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి సరిచూపించిన మనిషి బ్రౌన్ దొర. ఆ పండితులనూ ఈ 'మ', 'వు' ఏడిపించే ఉంటాయి.

రేపు పుటను ఇంకాస్త స్పష్టంగా స్కాన్ చేసి మళ్లీ వదలాల. కరెంటు ఉంటే.