బ్రూస్ లీ నిజంగా కొట్టగలడా?

తెరమీద కథానాయకుడు ఇరవైమందిని ఒక్కచేత్తో మట్టి కరిపిస్తే మన తెలుగు ప్రేక్షకుడు ఈల వేస్తాడు గాని నమ్మడు. రామారావుగారి గుద్దుకు రౌడీ గాల్లో ఎగిరి గడ్డివాములో పడినా, అది ముందే కుదిరిన ఒప్పందమని మా తిరువూరు నేల టిక్కెట్టు ప్రేక్షకుడికి కూడా తెలుసు. అయితే ఒక్క కోవకు చెందిన నటుల విషయంలో మాత్రం ఈ వివేకం పనిచేసేది కాదు. వాళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడు గొంతు కాస్త తగ్గించి, "వాడికి నిజంగా వచ్చురా!" అనేవాళ్ళం. ఆ "నిజంగా" అన్న మాటలో ఎంత బరువుందో ఎనభైలలో పల్లెటూళ్ళలోనూ చిన్న పట్టణాల్లోనూ పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ యోగ్యతాపత్రం మా ఊళ్ళో ముగ్గురికే దక్కింది. సుమన్, భానుచందర్, వాళ్ళిద్దరికీ పైన బ్రూస్ లీ. 1982లో కోడి రామకృష్ణ తీసిన 'తరంగిణి'లో సుమన్, భానుచందర్ ఇద్దరూ ఉన్నారు. భానుచందర్ సంగీత దర్శకుడు మాస్టర్ వేణుగారి కుమారుడన్న సంగతి మా ఈడువాళ్ళలో చాలామందికి తెలియదు. అతనికి కరాటే వచ్చునన్న సంగతి తెలియనివాడు మాత్రం ఒక్కడూ లేడు. సుమన్‌కు బ్లాక్ బెల్టు ఉందన్నది రిక్షావాళ్ళు సైతం చెప్పే మాట. ఇక బ్రూస్ లీ సినిమాలు బెజవాడలో ఆడి ఆడి, ప్రింట్లు గీతలు పడ్డాక మైలవరం మీదుగా మా ఊరు చేరేవి. వర్షం కురుస్తున్నట్టుండే ఆ గీతల వెనుక అతను చొక్కా విప్పి నిలబడితే హాలు నిశ్శబ్దమైపోయేది. మర్నాటికల్లా మామిడితోటల్లో పిల్లలు సైకిలు చెయిను ముక్కకు రెండు కర్రలు బిగించి నాన్‌చాకు తిప్పుతూ తమ మోచేతులు తామే పగలగొట్టుకునేవారు.

ఈ పాత ముచ్చట ఇప్పుడెందుకంటే, మా అక్క కూతురు మొన్న ఒక ప్రశ్న వేసింది. విజయవాడలో ఇంటర్ చదువుతూ రెండేళ్ళుగా కరాటే నేర్చుకుంటోంది. "మావయ్యా, బ్రూస్ లీ అసలు ఏ పోటీలోనూ గెలవలేదట, అంతా సినిమాయేనట, నిజమేనా?" అంది. ఫోనులో ఏదో వీడియో చూసిందట. నవ్వి ఊరుకునేవాణ్ణే. కాని ఆ పిల్ల అడుగుతున్నది బ్రూస్ లీ గురించి కాదని వెంటనే అర్థమైంది. తాను నేర్చుకుంటున్నది అక్కరకొస్తుందా రాదా అన్నది ఆమె సందేహం. మా అక్క ధీమా వేరు. "దానికి బెల్టు వచ్చిందిరా, ఇక శనివారం రాత్రి బస్సుకు ఒక్కత్తీ వచ్చినా భయం లేదు" అంటుంది. చూశారా, ఎక్కడో హాంకాంగు నటుడి కీర్తి మీద తిరువూరు బస్టాండులో దిగే ఆడపిల్ల క్షేమాన్ని తాకట్టు పెడుతున్నాం. అందుకే కాస్త శ్రద్ధగా లెక్క చూద్దామనిపించింది.

ముందు గట్టి సాక్ష్యం ఉన్నవి. బ్రూస్ లీ 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి చైనా సంగీత నాటకాల నటుడు. పసికందుగానే తెరమీద కనిపించినవాడు కనుక, పోరాటం నేర్చి సినిమాకు వచ్చాడనడం కన్నా సినిమాలో పుట్టి పోరాటం నేర్చాడనడం సబబు. హాంకాంగులో యవ్వనారంభంలో యిప్ మాన్ అనే గురువు వద్ద వింగ్ చున్ విద్య అభ్యసించాడు. 1958లో పాఠశాలల మధ్య జరిగిన బాక్సింగు పోటీలో గెలిచాడు. కాబట్టి "ఏ పోటీలోనూ గెలవలేదు" అన్న మాట అక్షరాలా నిజం కాదు. ఆ ఏడాదే చా-చా నాట్యపోటీలోనూ గెలిచాడు. ఈ రెండో విజయాన్ని అభిమానులు చిరునవ్వుతో దాటవేస్తారు గాని, అతని అడుగుల లాఘవం ఎక్కడిదో తెలియాలంటే అదీ గుర్తుంచుకోవాలి.

ఆ తరువాతి సాక్ష్యాలు కొంచెం పలచన. 1964లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ కరాటే పోటీల సందర్భంగా అతను ఇచ్చిన ప్రదర్శన ప్రసిద్ధం. రెండు వేళ్ళమీద దండీలు తీశాడు. ఎదుటివాడి ఛాతీకి అంగుళం దూరాన పిడికిలి ఉంచి, అక్కణ్ణుంచే గుద్ది వెనక్కి పడగొట్టాడు. ఆ గుద్దులోని బలం చేతిది కాదు; కాలి మడమ నుంచి తుంటి మీదుగా ఒళ్ళంతా ఒక్క క్షణంలో కలిసి కదలడంలో ఉంది. గొప్ప విద్యే. కాని ఎదుటివాడు కదలకుండా నిలబడి, గుద్దించుకోవడానికి ఒప్పుకున్నవాడు. దాన్ని పోరాటమనలేం.

అసలైన పోరాటమని చెప్పదగింది ఆ ఏడాది చివర ఓక్లండులో వాంగ్ జాక్ మాన్ అనే మరో కుంగ్‌ఫూ ఆచార్యుడితో జరిగింది. తలుపులు మూసుకుని, కొద్దిమంది ఎదుట. అది మూడు నిమిషాల్లో ముగిసిందనీ, బ్రూస్ లీ స్పష్టంగా గెలిచాడనీ ఆయన భార్య లిండా రాశారు. ఇరవై నిమిషాల పైన సాగిందనీ, ఎవరూ గెలవలేదనీ వాంగ్ పక్షం వాదన. చైనీయులు కానివారికి విద్య నేర్పుతున్నందుకే సవాలు వచ్చిందని ఒకరంటే, కాదు, ఇతను బహిరంగంగా సవాలు విసిరినందుకే వచ్చిందని మరొకరు. కాలవగట్టు తగాదాలో ఇరుపక్షాల సాక్షులనూ విన్నట్టే ఉంటుంది. నాకు మాత్రం గెలుపోటములకన్నా ఆ తరువాత జరిగినదే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. గెలిచానన్నవాడే తన పోరాటం తనకు నచ్చలేదన్నాడు. రొప్పు వచ్చిందని గ్రహించి పరుగు, బరువులు మొదలుపెట్టాడు. చిన్ననాటి నుంచి నేర్చిన వింగ్ చున్ చాలదని, బాక్సింగునుంచి, కత్తిసాము అడుగులనుంచి పనికొచ్చేది తీసుకుని 1967 నాటికి తన పద్ధతికి జీత్ కున్ దో అని పేరు పెట్టుకున్నాడు. కేవలం పేరుకోసం పాకులాడేవాడు గెలిచిన మర్నాడే తన విద్యను విప్పి చూసుకోడు.

కరాటే పోటీల్లో ఎందుకు దిగలేదన్నది మరో ఆక్షేపణ. ఆ రోజుల్లో ఆ పోటీల్లో దెబ్బ తగలకముందే ఆపాలి, తీరు చూసి పాయింటు ఇస్తారు. ఆ పద్ధతిపై అతనికి గౌరవం తక్కువ. అది అహంకారమనే వారున్నారు, అనవచ్చు. కాని ఆ పోటీల విజేతలైన జో లూయిస్, మైక్ స్టోన్, చక్ నారిస్ అతనితో కలిసి సాధన చేశారు. జో లూయిస్ భారీ శరీరుడు, ఊరికే ఎవరినీ పొగిడే రకం కాదు. అతను కూడా బ్రూస్ లీ వద్ద నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు. పనివాడి పనితనం సాటి పనివాడికే తెలుస్తుంది కనుక ఈ సాక్ష్యాన్ని తోసిపుచ్చలేం.

సినిమా సాక్ష్యానికి మాత్రం ఈ లెక్కలో చోటు లేదు. 1972 నాటి చిత్రంలో రోము నగరపు పాత రంగస్థలంలో చక్ నారిస్ ఓడిపోయాడంటే, కథలో అలా రాసి ఉంది కనుక. ఆ దృశ్యం అతని శరీరం అతని మాట ఎంత చక్కగా వింటుందో చూపిస్తుంది, అంతవరకే. అయితే ఒక విశేషం చెప్పాలి. 'ఎంటర్ ద డ్రాగన్' మొదటి పోరాటంలో అతను వేళ్ళు తెరిచి ఉండే చిన్న తొడుగులు వేసుకుని, చివరికి ఎదుటివాణ్ణి నేలమీద పట్టు బిగించి లొంగదీస్తాడు. ఇరవై ఏళ్ళ తరువాత 1993లో అమెరికాలో యూఎఫ్‌సీ పోటీలు మొదలైనప్పుడు, కేవలం గుద్దులు, తన్నులు నేర్చినవారు కుస్తీపట్లు తెలిసినవారి చేతిలో ఓడిపోవడం లోకమంతా చూసింది. ఒక్క విద్య చాలదని అతను ముందే గ్రహించాడు. గ్రహించినంత మాత్రాన ఈనాటి యోధులను ఓడించేవాడని కాదు. సినిమాల నాటికి అతని బరువు అరవై, అరవై అయిదు కిలోల మధ్య. "మహమ్మద్ అలీతో తలపడితే?" అని మేము గంటల తరబడి వాదించుకునేవాళ్ళం. అలీ నూరు కిలోలకు దగ్గర మనిషి. బరువులవారీగా పోటీలు పెట్టింది ఊరికే కాదు.

ఇంకొక సంగతి. అతను 1973 జూలై 20న, ముప్ఫై రెండేళ్ళకే పోయాడు. 'ఎంటర్ ద డ్రాగన్' అమెరికాలో విడుదలైంది ఆ తరువాతి నెలలో. లోకం అతన్ని చూసేనాటికే అతనిక ఓడిపోవడానికి వీలులేనివాడు. ముసలితనం, ఓటమి, పొట్ట, రాజకీయం ఏవీ ఆ కీర్తిని అంటలేదు. "అజేయుడు" అన్న బిరుదులో సగం వాటా ఆ అకాల మరణానిదే.

ఇక మన సుమన్. మద్రాసులో పెరిగి, కరాటే నేర్చి సినిమాల్లోకి వచ్చాడు. మా ఊరి గోడలమీద గాల్లో కాలు చాచిన బొమ్మలే అతనివి. అయితే అతనికి విద్య నిజంగా వచ్చునని నాకు నమ్మకం కుదిరింది పోరాట చిత్రాల్లో కాదు. 1997లో 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడిగా అతను కదలకుండా నిలబడ్డాడు. వెన్ను నిటారుగా, భుజాలు దిగి, ఊపిరి కనిపించకుండా. అలా నిలబడటం ఎన్నో ఏళ్ళు గుర్రపు భంగిమలో తొడలు వణికిపోయేదాకా నిలబడినవాడికి సాధ్యమని, ఆ శిక్షలో కొంత రుచి చూసిన నాకు తోచింది. ఆ నిలకడ నటన చలవే అని మీరంటే వాదించను.

అవును, నేనూ కొంతకాలం నేర్చుకున్నాను. హైస్కూలు మైదానంలో సాయంత్రాలు ఒక మాస్టారు నేర్పేవారు. వార్షికోత్సవానికి మేము బంగాళా పెంకులు పగలగొట్టి చప్పట్లు కొట్టించుకున్నాం. రెండు ఇటుకలమీద నిలిపిన పెంకుకు మధ్యలో ఆధారం ఉండదు, కాల్చిన మట్టి సాగదు, అందువల్ల అడుగు చిట్లి విరుగుతుందని మాస్టారే వేదిక దిగాక చెప్పారు. ఛాతీమీద బండ పెట్టి సమ్మెటతో కొట్టించుకోవడంలోనూ బరువైన ఆ బండే దెబ్బను చాలావరకు మింగేస్తుందట. బల్లలు తిరిగి కొట్టవని బ్రూస్ లీ సినిమాలో ఎగతాళి చేస్తాడు కదా, మా మాస్టారిదీ అదే మాట, పెంకుల విషయంలో.

ఒక ఏడాది తిరునాళ్ళలో తాగిన నలుగురు కుర్రాళ్ళు మాస్టారిని "రా, కరాటే చూపించు" అని అడ్డగించారు. ఒకడి చేతిలో సోడాసీసా. ఆయన మా చిన్నపిల్లలిద్దరి చేతులు పట్టుకుని, ఒక్క మాటా అనకుండా జనంలోకి నడిచి వెళ్ళిపోయారు. మర్నాటికి ఊరంతా "మాస్టారు పారిపోయాడు" అన్న మాటే. నలభైమంది ఉండే తరగతి పదిమందికి దిగింది. ఏడాది రుసుము మా నాన్న ముందే కట్టేశారు కనుక ఆ పదిమందిలో నేనున్నాను. మాస్టారు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, మామూలుగానే ఒకటి రెండు లెక్కపెట్టి గుద్దులు వేయించారు. ఆ రాత్రి ఎవరి తలా పగలలేదు. ఆ లాభాన్ని ఎవరూ లెక్కలో వేయలేదు.

అందుచేత మేనకోడలికి ఇలా చెప్పాను. విద్య రావడం ఒకటి, ప్రదర్శించడం ఒకటి, పోరాడటం మరొకటి. బెల్టు మొదటిదానికే సాక్ష్యం. సినిమా రెండోదానికి. మూడోదానికి, ఓడిపోవడానికి ఇష్టపడని మనిషి ఎదురుగా ఉండాలి. కాబట్టి తిరిగి కొట్టే జోడీతో సాధన చెయ్యమన్నాను. గట్టిగా అరవడం, విడిపించుకోవడం, పరుగెత్తడం కూడా విద్యలో భాగమేనన్నాను. అక్కతో మాత్రం, బెల్టును చూసి రాత్రి బస్సు ఎక్కించవద్దని గట్టిగానే చెప్పాను.

పిల్ల అంతా విని, "అయితే పగటి బస్సుకు రావలసిందీ నేనే, పరుగెత్తవలసిందీ నేనే. అల్లరి చేసేవాళ్ళకు ఎవరూ ఏమీ నేర్పరా మావయ్యా?" అంది. దానికి జవాబు బ్రూస్ లీ వద్ద లేదు, నా వద్దా లేదు. అది ఊరు చెప్పవలసిన జవాబు. కరాటే మాత్రం మానలేదు, అందుకు సంతోషం.

ఇంతకీ అసలు ప్రశ్నకు నా తీర్పు ఇది. బ్రూస్ లీ కొట్టగలడు. తన బరువువారిలో బహుశా చాలామందికన్నా బాగా కొట్టగలడు. అజేయుడా అంటే, అది తేలే సందర్భం రాలేదు. కీర్తిలో సగం అతను చెమటోడ్చి సంపాదించుకున్నది, మిగతా సగం మనం గీతలు పడ్డ ప్రింట్ల ముందు కూర్చుని చేర్చింది. మన వాటా మనం తీసేసుకున్నా, మిగిలినది తక్కువేమీ కాదు.

మీ మీ ఊళ్ళలోనూ "నిజంగా వచ్చు" అనిపించుకున్నవారు ఉండే ఉంటారు. వాళ్ళకు ఆ పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో తెలుసుకోవాలని ఉంది.