అగ్నిపర్వతాల దీవిలో ఒక దినము

పసిఫిక్ మహాసముద్రం నడుమ, అమెరికా దేశానికి చెందిన హవాయి దీవులు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె పెద్ద దీవి పేరు కూడ హవాయియే. తికమక పడకుండా అక్కడివారు దానిని 'పెద్ద దీవి' అంటారు. మిగిలిన దీవులన్నిటినీ ఒకచోట చేర్చినా దానంత కావు. సముద్రగర్భం నుండి లేచిన ఐదు అగ్నిపర్వతాలు వేల వేల సంవత్సరాలుగా ఒకదానిమీద ఒకటి లావా పోసుకొని కట్టిన నేల అది.

2025లో అమెరికాలోని తెలుగు విశ్వాసుల కుటుంబాలను దర్శించడానికి వెళ్ళినప్పుడు, ఒక కుటుంబంవారు నన్ను తమతో కూడ ఈ దీవికి తీసుకొని వెళ్ళారు. పడమటి తీరంలోని కోనాలో ఉదయం బయలుదేరి, దీవి చుట్టి, రాత్రికి మళ్ళీ కోనాలో దింపే టూరు బస్సు ఎక్కాము. లావా చూడాలని పిల్లల కోరిక. 1824లో కపియొలానీ అనే స్త్రీ నిలబడిన చోటు చూడాలని నా కోరిక.

బస్సు ఇరవై మందికి సరిపడే చిన్నది. డ్రైవరే గైడు. చెవి దగ్గర మైకు తగిలించుకొని, బండి నడుపుతూనే మాట్లాడతాడు. తల్లి వైపు హవాయివాడు, తండ్రి వైపు పోర్చుగీసువాడు. బస్సు కదలకముందే అందరికీ గట్టిగా చెప్పాడు: ఇక్కడి రాళ్ళు, ఇసుక ఎవరూ జేబులో వేసుకోవద్దని.

కోనాలో మొదట చూపించినది మొకుఐకౌవా చర్చి. నల్లని లావా రాళ్ళను పగడపు సున్నంతో కలిపి కట్టిన ఈ దేవాలయం 1837లో పూర్తయినది. బోస్టను నుండి 'థాడియస్' అనే ఓడలో అయిదు నెలలకు పైగా ప్రయాణించిన మొదటి మిషనరీలు 1820 ఏప్రిల్‌లో దిగినది ఈ రేవులోనే. వారు వచ్చేసరికి ఇక్కడ ఒక వింత జరిగి ఉన్నది. అంతకు ముందు సంవత్సరమే కొత్త రాజు లిహోలిహో, పెద్దరాణి కఆహుమను కలిసి 'కపు' అనే పాత నిషేధాలను కొట్టివేశారు. ఆ నిషేధాల క్రింద ఆడవారు మగవారితో కలిసి భోజనం చేయకూడదు, అరటిపండు ముట్టకూడదు. మీరితే ప్రాణాలు పోయేవి. మిషనరీ ఓడ దిగకముందే నిషేధాలు పోయాయి, గుళ్ళు పడిపోయాయి. కాని భయం పోలేదు. అందులోను అగ్నిపర్వతంలో నివసిస్తుందని నమ్మే పెలె దేవత భయం అసలే పోలేదు.

కోనానుండి దక్షిణానికి రోడ్డు కొండవాలున కాఫీ తోటల గుండా పోతుంది. ఈ ప్రాంతంలో మొదట కాఫీ మొక్క నాటినవాడు సామ్యూల్ రగుల్స్ అనే మిషనరీ, 1828లో. దిగువన కెయలకెకువా అఖాతం నీలంగా కనిపించింది. 1779లో కెప్టెన్ కుక్ చంపబడినది అక్కడే. గైడు కుక్ గురించి చాలాసేపు చెప్పాడు. నా ధ్యాస మాత్రం 1808 ప్రాంతంలో అదే అఖాతంలో ఓడ ఎక్కిన ఒక కుర్రవాని మీద ఉన్నది.

అతని పేరు ఓపుకహాయియా. అతడు పుట్టినది దక్షిణ తీరాన పునలూవు దగ్గర. మా బస్సు తరువాత ఆగినది కూడ పునలూవులోనే. అక్కడి ఇసుక బొగ్గుపొడిలాగ నల్లగా ఉంటుంది. కాగుతున్న లావా సముద్రపు నీటిని తాకగానే పగిలి తునకలైపోతుంది, అలలు దానిని ఇంకా మెత్తగా నూరుతాయి. పెద్ద తాబేళ్ళు ఒడ్డున ఎండలో కదలకుండా పడుకొని ఉంటే పిల్లలు వాటిని బండలనుకున్నారు. అంత ప్రశాంతమైన చోట, ఒకప్పటి యుద్ధంలో, ఓపుకహాయియా తల్లిదండ్రులను అతని కళ్ళెదుటే చంపారు. పసితమ్ముణ్ణి వీపున వేసుకొని పరుగెత్తుతుంటే వెనుకనుండి వచ్చిన బల్లెము ఆ బిడ్డకు తగిలింది. వీడు బ్రతికాడు. ఓడ ఎక్కి అమెరికా చేరాడు, ప్రభువును ఎరిగాడు, తన భాషలో ఆదికాండమును తర్జుమా చేయడానికి పూనుకున్నాడు. తన ప్రజలయొద్దకు తిరిగి వెళ్ళాలని తపించి, 1818లో టైఫస్ జ్వరంతో కనెటికట్‌లో కన్నుమూశాడు. ముప్పై ఏళ్ళైనా నిండలేదు. అతని జీవితచరిత్ర అచ్చువేసి అక్కడి సంఘాలలో పంచారు. దానితో కదిలించబడినవారే 1819లో ఓడ ఎక్కినవారు. 1993లో అతని అస్థికలను తెచ్చి కోనా తీరాన సమాధి చేశారు. హవాయికి సువార్త తెచ్చినది తెల్లవారని పుస్తకాలలో ఉంటుంది. వారిని రమ్మని పిలిచినవాడు ఈ అనాథ.

ఇంకొక మాట కూడ దాచకుండా చెప్పాలి. పహాలా దగ్గర, 1996 వరకు చెరకు పండిన పొలాల ప్రక్కగా పోతుండగా గైడు ఈ దీవులలోని ఒక పాత ఎత్తిపొడుపు వినిపించాడు. మిషనరీలు మేలు చేయడానికి వచ్చారట, వారి పిల్లలు తమకు బాగా మేలు చేసుకున్నారట. బస్సులో కొందరు నవ్వారు. అందులో నిజం ఉన్నది. మిషనరీ కుటుంబాల సంతతివారు కొందరు చెరకు తోటల యజమానులయ్యారు. 1893లో లిలియుఒకలానీ రాణిని గద్దె దింపినవారిలో అటువంటివారు ఉన్నారు. ఆ రాణి క్రైస్తవురాలే. 1895లో తన రాజభవనంలోనే బందీగా ఉండి ఆమె వ్రాసిన ప్రార్థనాగీతం ఈనాటికీ అక్కడి ఆలయాలలో పాడతారు.

మధ్యాహ్నానికి కిలౌయా చేరాము. కిలౌయా అంటే మన మనస్సులో ఉండే కోసుగా లేచిన కొండ కాదు. చెట్ల నడుమ రోడ్డు సమంగానే పోతుంది, ఉన్నట్టుండి నేల తెగిపోయి, మైళ్ళ పొడవున నల్లని గొయ్యి కనిపిస్తుంది. దానిలో హలేమౌమౌ అనే మరొక గొయ్యి. 2018లో లోపలి లావా ప్రక్కదారిన పోయి తూర్పున ఏడు వందలకు పైగా ఇళ్ళను మింగినప్పుడు, ఈ గొయ్యి అడుగు కూలి పదిహేను వందల అడుగులకు పైగా లోతు పెరిగింది. అంచున ఉన్న రోడ్డు ముక్క కూడ అందులో పడిపోయింది. 2024 డిసెంబరు 23న మళ్ళీ మొదలైన విస్ఫోటంలో లావా కొన్ని గంటలపాటు ఆకాశానికి ఎగజిమ్మి, తరువాత రోజుల తరబడి ఆగుతూ వచ్చింది. మేము వెళ్ళినది ఆగిన రోజు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. గొయ్యిలోనుండి తెల్లని పొగ మాత్రం లేస్తూ ఉన్నది. రోడ్డు ప్రక్కన నేల పగుళ్ళనుండి ఆవిరి, కాల్చిన టపాకాయల వంటి గంధకపు వాసన.

ఈ అంచుననే కపియొలానీ కథ. ఆమె రాజవంశపు స్త్రీ. కెయలకెకువా ఒడ్డున కాపురం. 1824 డిసెంబరులో, హీలోలో కొత్తగా వచ్చిన మిషనరీలను చూడడానికి సుమారు వంద మైళ్ళ ప్రయాణం కట్టింది. ఎక్కువ భాగం కాలినడకే, కోసే లావా రాళ్ళమీద. దారిలో పెలె కొండ. భర్త వద్దన్నాడు. పెలె పూజారిణి ఎదురు వచ్చి, వెనుకకు పొమ్మని, తన దగ్గర దేవత పంపిన ఉత్తరం ఉన్నదని చెప్పింది. కపియొలానీ తన దగ్గర కూడ యెహోవా ఇచ్చిన వ్రాత ఉన్నదని తన పుస్తకం తెరచింది. కొండ అంచున కాచే ఓహెలో పండ్లను ముందు పెలెకు అర్పించకుండా ఎవరూ తినరు. ఆమె కోసుకొని తిన్నది. వెంట వచ్చినవారితో గొయ్యిలోకి కొన్ని వందల అడుగులు దిగి, ఆ సెగలో నిలబడి ప్రార్థించింది, కీర్తన పాడించింది. ఏమీ జరగలేదు.

ప్రసంగాలలో, సండేస్కూలు పుస్తకాలలో కథ ఇక్కడ ఆగుతుంది. నేను బస్సులో మావారికి ఇంతవరకు చెప్పగానే, ఆ కుటుంబపు తల్లి అడిగిన మాట నన్ను ఆపింది. ఆమెది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇద్దరు తమ్ముళ్ళను పోగొట్టుకున్నది.

"అయ్యగారూ, ఆమె ప్రార్థించింది, నిప్పు ఏమీ చేయలేదు, బాగానే ఉన్నది. మా ఊరిలో ఆ రాత్రి గుడిలో దూరినవారూ ప్రార్థించారు, చర్చిలో దూరినవారూ ప్రార్థించారు. మా నాయన మోకాళ్ళమీదనే ఉన్నాడు. మాది ఏం తక్కువైంది?"

బస్సులో నేను ప్రసంగం చేయలేదు. కపియొలానీ కథలో మిగిలిన సగం చెప్పాను. 1841లో ఆమెకు రొమ్ము కేన్సరు వచ్చింది. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని రోజులు. హోనొలులులో మిషనరీ డాక్టరు ఆపరేషను చేస్తే మెలకువతోనే భరించింది. కొన్ని వారాలకే మరొక జబ్బు సోకి చనిపోయింది. అగ్నిగుండం ముట్టని మనిషిని జబ్బు తీసుకొని పోయింది. అప్పుడు మాత్రం ఆమె విశ్వాసం తగ్గినదని ఎవరు చెప్పగలరు? అంటే, గొయ్యిలోకి దిగిననాడు ఆమె గెలిచినది నిప్పును కాదు. నిప్పు పేరు చెప్పి తన ప్రజలను వణికించే భయాన్ని గెలిచింది. దేవుడు విడిపించినా, విడిపించకపోయినా ప్రతిమకు మ్రొక్కమని రాజుతో చెప్పిన ఆ ముగ్గురు యౌవనులదీ ఇదే దారి అని నా అభిప్రాయం. అమ్మగారు ఏమీ అనలేదు. కిటికీలోనుండి పొగ వైపు చూస్తూ కూర్చున్నది.

తరువాత చూసినవి త్వరగా చెబుతాను. లావా ప్రవహించిపోయి ఖాళీగా మిగిలిన సొరంగంలో నడిచాము. రైలు సొరంగమంత ఉన్నది. 1959లో 1,900 అడుగుల ఎత్తుకు లావా చిమ్మిన కిలౌయా ఇకీ అనే గొయ్యి చూశాము. గట్టిపడిన లావా పగుళ్ళలో ఓహియా అనే చెట్టు ఎర్రని పూలతో మొలచి ఉన్నది. మట్టి లేని చోట ముందుగా వచ్చేది ఆ చెట్టేనట.

హీలో చేరేసరికి వాన. అక్కడ వాన లేని దినము అరుదు. హైలీ చర్చి ముందు బస్సు నెమ్మదించింది. టైటస్ కోన్ అనే దైవజనుడు 1838 జూలై 1వ తేదీన ఒక్కరోజే 1,705 మందికి బాప్తిస్మము ఇచ్చినది ఈ ఊరిలోనే. గైడు ఆ సంగతి చెప్పలేదు. 1881 సంగతి చెప్పాడు. ఆ సంవత్సరం మౌనా లోవా పర్వతపు లావా నెలల తరబడి ప్రాకి హీలో పొలిమేరకు వచ్చింది. రూత్ కెయెలికొలానీ అనే రాకుమారి, పాత మతం విడువనిది, వచ్చి పెలెకు అర్పణలు చేసింది, లావా ఆగింది. హీలో క్రైస్తవులు కూడ అప్పుడు ప్రార్థనా దినము ఆచరించారు. వారు తమ ప్రార్థనకు జవాబు అన్నారు, వీరు తమ అర్పణకు జవాబు అన్నారు. లావా ఆగినది ఒక్కసారే. దానిని చూపించి ఎవరితోనైనా వాదానికి దిగడం నాకు ఇష్టం లేదు. 1990లో కలపానా అనే తీరపు ఊరు లావా క్రింద పోయినప్పుడు, గోడలనిండా బైబిలు చిత్రాలున్న అక్కడి కేథలిక్ చర్చిని మాత్రం ట్రక్కు మీద ఎత్తి తరలించారు. ఆ చర్చికి వెళ్ళేవారి ఇళ్ళు కాలిపోయాయి.

గైడు అమ్మమ్మది కలపానాయే. టీ త్రాగడానికి ఆగినప్పుడు చెప్పాడు. లావా ప్రక్క వీధికి వచ్చిందని అధికారులు ఇల్లు ఖాళీ చేయమంటే, ఆమె సామాను ఎక్కించి, మళ్ళీ లోపలికి వెళ్ళి ఇల్లంతా ఊడ్చి, బల్లమీద గుడ్డ పరచి, పూలు పెట్టి వచ్చిందట. ఆమె ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. ఆ పూలు ఎవరి కొరకని అడిగాను. పెలె కొరకు అంటాడని అనుకున్నాను.

"నేనూ అడిగాను పాస్టర్. అది మా ఇల్లు, చెత్తతో ఎలా విడిచిపెడతాను అన్నది."

మా అమ్మాయి ఒకతె ఆ మాటను తెలుగులో చెప్పగానే, అంతసేపూ మౌనంగా ఉన్న అమ్మగారు ఇంకొకసారి చెప్పించుకొని విన్నది.

తిరుగుదారి రెండు మహాపర్వతాల నడుమ రోడ్డు. కుడివైపు మౌనా కెయా, సముద్రగర్భంలోని అడుగునుండి కొలిస్తే ఎవరెస్టును మించినది. ఎడమవైపు మౌనా లోవా. 2022 నవంబరు చివర మౌనా లోవా పేలినప్పుడు లావా ఈ రోడ్డుకు రెండు మైళ్ళ లోపునకు వచ్చి నిలిచిపోయింది. ఆ తావు గైడు చేయి చాపి చూపించాడు గాని చీకటిలో ఏమీ కనిపించలేదు. పిల్లలు నిద్రపోయారు. అమ్మగారు ముందు సీటుకు జరిగి, మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని గైడును అడిగించింది, ఆ ఊరివారంతా తరువాత ఎక్కడికి పోయారని.

"అమ్మమ్మ హీలోలో మా ఇంటికి వచ్చింది. మా మామయ్య మాత్రం కొన్నేళ్ళకు అక్కడికే పోయి, ఆ లావామీదనే ఇల్లు కట్టుకున్నాడు."

"మావాళ్ళూ అంతే," అన్నది ఆమె తెలుగులోనే. "మళ్ళీ ఆ కాలువ గట్టుమీదనే కట్టుకున్నారు."