తల్లిని తీసిన చోటు

ఉద్యోగరీత్యా జగదల్‌పూర్‌లో ఉన్న రోజుల్లో నేను పాలుపంచుకున్న ఒక సత్కార్యం గురించి ఇక్కడ చెప్పదలచుకున్నాను. దానిని సత్కార్యమని అప్పట్లో నిస్సంకోచంగా నమ్మాను. ఇప్పుడు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

అది 2011 జూన్ నెల. తొలకరి ఇంకా నిలదొక్కుకోలేదు. పట్టణం శివార్లలో ఒక రైతు ఇంటి గడ్డివామి కింద రక్తపింజరి కనిపించింది. పాములు పట్టడంలో నేర్పున్న ఒక యువకుడు దానిని చాకచక్యంగా పట్టి సంచిలో వేశాడు. దాని ఉదరం చూడగానే అది గర్భంతో ఉన్నదని తెలిసిపోయింది. వెంటనే వదిలేయడమా, ప్రసవం వరకు ఉంచడమా అన్న ప్రశ్న వచ్చింది. పిల్లలు మన కళ్లముందు పుడితే గద్దల నుంచి, ముంగిసల నుంచి, మనుషుల కర్రల నుంచి తప్పించి, అన్నింటినీ ఒకేసారి కాంగేర్ లోయ అడవిలో విడిచిపెట్టవచ్చునని అందరం అనుకున్నాం. ఆ మేరకు సాగిన ఉత్తరప్రత్యుత్తరాలలో ముసాయిదా రాసినవాణ్ణి నేనే.

తల్లి పంతొమ్మిది రోజులు చెక్కపెట్టెలో ఉంది. పెట్టిన ఎలుకను ముట్టలేదు. చివరికి 31 పిల్లలు పుట్టాయి, వాటిలో నాలుగు కదలలేదు. మిగిలినవాటిని, తల్లిని అడవి అంచున వదిలిన నాడు చిన్న సభ జరిగింది. చప్పట్లు మోగాయి, ఫొటోలు తీశారు. ఆ ఘట్టాన్ని మెచ్చుకుంటూ నేనొక వ్యాసం కూడా రాశాను.

ఆ సాయంత్రం మా కార్యాలయంలో పనిచేసే పెద్దాయన టీ తెచ్చి బల్ల మీద పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఆయనది కోంట వైపు. దోర్లా కుటుంబం, మనకు బాగా అర్థమయ్యే తెలుగు మాట్లాడతాడు. “సారూ, తల్లిని తీసిన చోటు వేరు గదా. అక్కడ ఎలుక ఏ కన్నంలో ఉంటదో దానికి ఎరిక. ఎండ ఏ రాయి మీద పడతదో ఎరిక. ఈ అడివిలో దానికేం ఎరిక?” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

తరువాత చదివిన కొద్దీ ఆయన మాట బరువు తెలిసింది. నాగుపాము, జెర్రిపోతు గుడ్లు పెడతాయి. రక్తపింజరి గుడ్లను కడుపులోనే పొదిగి పిల్లలను కంటుంది. అందువల్ల గర్భకాలమంతా దానికి వేడిమే ప్రాణాధారం. ఎండకు ఎప్పుడు రావాలో, నీడకు ఎప్పుడు మళ్లాలో తల్లి తానే తేల్చుకుంటూ ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత తప్పితే ప్రసవకాలం మారుతుంది, పిల్లల దారుఢ్యమూ మారుతుంది. కొండచిలువ తల్లి గుడ్లను చుట్టుకొని, కండరాలను వణికించి మరీ వేడి పుట్టిస్తుంది. చెక్కపెట్టెలో ఆ తల్లికి మేము భద్రత ఇచ్చామనుకున్నాం. నిజానికి దాని చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిని లాక్కున్నాం. చనిపోయి పుట్టిన ఆ నాలుగింటికి పెట్టే కారణమని నేను రుజువు చేయలేను. కాదని చెప్పే ధైర్యమూ నాకు లేదు.

మన ఆదిపర్వంలో వినత కథ ఉంది. సవతి కద్రువ గుడ్ల నుంచి నాగులు పుట్టడం చూసి ఓర్వలేక, వినత తన గుడ్లలో ఒకదానిని కాలం రాకముందే చిదిపింది. తొడలు లేని అనూరుడు పుట్టాడు. రెండవ గుడ్డు నుంచి గరుత్మంతుడు పుట్టాలంటే తల్లి తాకకుండా వేచి ఉండవలసి వచ్చింది. చిన్ననాడు దీనిని అసూయ కథగా విన్నాను. జగదల్‌పూర్ అనుభవం తరువాత తొందరపాటు కథగా కూడా వినిపిస్తున్నది. మంచి జరగాలన్న ఆత్రుత కూడా గుడ్డును చిదపగలదు.

ఇక విడిచిపెట్టిన చోటు సంగతి. పాము ఎక్కడ వదిలితే అక్కడే బతికే జీవి కాదు. తాను తిరిగే నేలను, దాగే కన్నాలను, వేటస్థలాలను ఎరిగి బతుకుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక జాతి గిలకపాములపై జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. కొత్త చోటికి తరలించిన పాములు దిక్కుతెలియనట్లు దూరదూరాలు తిరిగాయి. వాటిలో సగానికి పైగా చనిపోయాయి. అక్కడే పుట్టి పెరిగిన వాటిలో చావులు చాలా తక్కువ. అదీగాక, నిర్బంధంలో సోకిన రోగం విడుదలతోపాటు అడవిలోని పాములకూ చేరవచ్చు. అందుకే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2013లో ప్రచురించిన మార్గదర్శకాలు ఆరోగ్య పరీక్షను, మూలస్థానాన్ని, ఆవాసపు యోగ్యతను ముందుగా చూడమంటాయి. విడుదల సంఖ్య సాఫల్యానికి కొలత కాదు. ఒడిశాలో 1975లో మొదలైన ఘరియాల్ మొసళ్ల పథకం కింద పెంచిన పిల్లలను ఏళ్ల తరబడి మహానదిలో వదిలారు. సత్కోసియాలో నదీతీరాన సహజంగా పిల్లలు పుట్టడం మళ్లీ కనిపించింది 2021లో, అంటే నాలుగు దశాబ్దాలు గడిచాక. నది సిద్ధంగా లేకపోతే తొట్టిలోని పిల్లలు ఎన్ని ఉండి ఏం లాభం?

అయితే ఈ వాదాన్ని ఇక్కడితో ముగిస్తే ఆ రైతుకు అన్యాయం చేసినవాణ్ణి అవుతాను. పామును పట్టిన నాడు ఆయన భార్య, చంకలో బిడ్డతో, “అయ్యా, దీన్ని మళ్లీ మా చేల్లోనే వదలరు గదా?” అని అడిగింది. ఆమె భయం అజ్ఞానం కాదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో పాముకాటు వల్ల ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారు. ఆ మరణాలలో అధికభాగం పల్లెల్లోనే. రక్తపింజరి పిల్లలు పుట్టుకతోనే కోరలతో, విషంతో పుడతాయి. పట్టణంలో కూర్చుని జీవకారుణ్యం పలికే మనం, దాని మూల్యాన్ని ఆమె పెరటికి వదిలిపెట్టే హక్కు ఎక్కడిది? పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విషహర ఔషధం, చేలో తిరిగే కాలికి బూటు, రాత్రి చేతిలో దీపం ఉన్నప్పుడే పాముపట్ల దయ చూపమని ఆమెను అడిగే అర్హత మనకు వస్తుంది.

పామును పట్టడం అన్ని వేళలా తప్పేనా? కాదు. ఆ విషహర ఔషధమే పాముల నుంచి తీసిన విషంతో తయారవుతుంది. మద్రాసు సమీపంలో ఇరులర్లు 1978లో స్థాపించుకున్న సహకార సంఘం అనుమతి పొంది పాములను పడుతుంది, కొద్ది వారాలలో కొన్నిసార్లు విషం తీస్తుంది, పొట్ట పొలుసుపై గుర్తు పెట్టి తిరిగి వదిలేస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 12వ సెక్షను ప్రాణరక్షక ఔషధాల కోసం విష సేకరణకు అనుమతినిస్తుంది. అక్కడ ప్రయోజనం స్పష్టం, గడువు స్పష్టం. మన తూర్పు కనుమల్లో, విశాఖ ప్రాంతంలో, రాచనాగు ఆకులతో కట్టుకున్న గూడు కనిపిస్తే గుడ్లను ఎత్తుకురాకుండా ఉన్నచోటనే కాపలా కాసే పద్ధతిని వన్యప్రాణి ప్రేమికులు పాటిస్తున్నారు. పని మనుషులది, పొదగడం మాత్రం నేలది.

వీటన్నింటినీ కలిపి చూస్తే నాకు తోచినది ఇది. గర్భిణి పామును ప్రాణాపాయం ఉన్నప్పుడు, గాయపడినప్పుడు, లేదా ఇంట్లో చేరినప్పుడు మాత్రమే తాకాలి. తాకితే త్వరగా, వీలైనంత దగ్గరలో, అదే తరహా నేలలో వదలాలి. పిల్లల కోసం ఉంచుకోవడం మన ఉత్సాహమే తప్ప పాము అవసరం కాదు. ఆ పిల్లలు మనం అడవికి ఇచ్చిన కానుకలు కావు. అడవి నుంచి తీసుకున్నవే.

బస్తర్‌ను చక్రకోట రాజ్యంగా ఏలిన ఛిందక నాగవంశీయులు తమను భోగవతీపురాధీశ్వరులమని చెప్పుకున్నారు. భోగవతి నాగుల నగరం. అయినా వారి రాజలాంఛనం సర్పం కాదు. సవత్సవ్యాఘ్రం, అంటే పిల్లతో కూడిన పులి. వారి కాలపు గుళ్లను బార్సూర్‌లో చూస్తూ తిరిగిన రోజున ఆ లాంఛనమే మనసులో మెదిలింది. బలానికి గుర్తుగా పులి ఒక్కటీ చాలును. అయినా వారు తల్లినీ పిల్లనూ విడదీయలేదు.

మరుసటి వేసవిలో అదే గడ్డివామి కింద మరొక రక్తపింజరి కనిపించింది. అక్కడ ఎలుకలున్నాయి కనుక వచ్చింది. మొదటిదాన్ని దూరంగా తరలించడం వల్ల ఆ ఇంటికి ఒరిగిందేమీ లేదన్నమాట. ఈసారి పెద్దాయనను వెంటబెట్టుకొని వెళ్లాను. రైతుతో చాలాసేపు మాట్లాడాం. గడ్డివామిని ఇంటికి దూరంగా, రాళ్లపై కట్టిన అట్టుక మీదికి మార్పించాం. ధాన్యం చుట్టూ ఎలుక కన్నాలు పూడ్పించాం. ఒక టార్చిలైటు కొనిచ్చాం. ఆ తల్లి అనుమతించకపోతే మరో దారి చూద్దామనుకున్నాం. ఆమె చివరికి, “ఏటి అవతల గుట్ట కింద అయితే సరే” అంది.

పొద్దుగుంకక ముందే ఆ గుట్ట కింద రాళ్లకుప్ప దగ్గర సంచి విప్పాం. పాము కాసేపు కదలకుండా ఉండి, మెల్లగా రాళ్ల సందులోకి జారిపోయింది. అది గర్భంతో ఉందేమో మేము తడిమి చూడలేదు. పిల్లలు పుట్టాయా, పుడితే ఎన్ని బతికాయి అన్నది ఎవరికీ తెలియదు. ఈసారి నేను వ్యాసం రాయలేదు.