నిత్యమూ, వైకల్పికమూ

వ్యాకరణం చెప్పుకు బతికేవాడికి మోటారు సంగతులెందుకనకండి. మా బావమరిది శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్ కొన్నాడు. ఫోర్ వీల్ డ్రైవ్ రకం. డబ్బు పోశాను గనక తారురోడ్డు మీదా నాలుగు చక్రాలూ లాగాల్సిందేనని వాడి పట్టు. "కొన్న సొమ్ము దండగేనా బావా?" అంటాడు.

దండగ కాదురా, అది వైకల్పిక సంధి! మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటె ఎక్కువ దూరం తిరగాలి. మీట వేస్తే ముందూ వెనకా ఒకే వేగానికి బిగుసుకుంటాయి. బురదలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు. బిగువంతా గేర్ల మీద పడుతుంది. బండి మొరాయిస్తుంది, టైర్లు అరుగుతాయి, ఒక్కోసారి లోపలి పళ్ళే విరుగుతాయి.

నిత్యసంధి బళ్ళు వేరే ఉన్నాయి. 1983లో వచ్చిన ల్యాండ్ రోవర్ వన్ టెన్‌లో నడుమ మరో డిఫరెన్షియల్ ఉంటుంది. తేడాను అదే మింగేస్తుంది. ఒక మలుపు తడిగా, మరో మలుపు పొడిగా ఉండే ఘాటురోడ్డుకి, నన్నడిగితే, అదే మేలు. అయితే ఒక్క చక్రం గాలిలోకి లేచిందంటే శక్తంతా అక్కడికే పోతుంది. అందుకని ఆ నడిమిదాన్ని బిగించడానికి మీట పెట్టారు. నిత్యానికీ వికల్పం తప్పలేదు చూశారూ!

మావాడి తోటకి 20 కిలోమీటర్లు తారు, చివర కాస్త బురద. పిల్లలు బడికెళ్ళేదీ ఆ బండిలోనే. బురదలో వెయ్యి, తారెక్కగానే తియ్యి అన్నాను. ఇప్పుడు తారెక్కగానే "నాన్నా, మీట!" అని వాళ్ళమ్మాయి కేకేస్తోందట.