మెంఫిస్‌లో పేరు లేని ప్లేటు

ఆ పెద్దాయన రికార్డును వెంటనే నా చేతికివ్వలేదు. రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకుని, వేలిగోటితో టక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. "వినైలే. స్టైరీన్ ప్లాస్టిక్ అయితే గాజుగిన్నెలా ఖంగుమంటుంది" అన్నారు. మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు ఇలాగే వేలితో కొట్టి చూసేది. అదే వేలు, అదే చెవి. ఎనభై దాటిన ఆ నల్లజాతి పెద్దమనిషి ముందు నేను ఒక్క క్షణం మా ఊరి కుమ్మరివీధిలో నిలబడ్డాను.

అట్లాంటాలో మా బావమరిది ఇంట్లో నెల రోజులున్నాను. అందులో ఇరవై ఆరు రోజుల గురించి చెప్పడానికేమీ లేదు. మిగిలిన నాలుగు రోజులూ కారులో మెంఫిస్ వెళ్ళి వచ్చాం. దారిలో అలబామాలో మజిల్ షోల్స్ దగ్గర ఒక రాత్రి ఆగాం. తెల్లవార్లూ వాన. పొద్దున్నే బయల్దేరిపోయాం.

వెళ్ళింది నలభై అయిదుల కోసం. ఏడంగుళాల ప్లేటు, నిమిషానికి 45 చుట్లు. 1949లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ తెచ్చిన అచ్చు. మా నాన్నగారి ఘంటసాల ఈపీలూ అదే కొలత, అదే వేగం. కాకపోతే వాటిలో నాలుగేసి పాటలు, నడుమ సన్నటి చిల్లు. అమెరికా సింగిల్‌లో ముందొక పాట, వెనకొక పాట, నడుమ ఒకటిన్నర అంగుళాల వెడల్పు చిల్లు. ఇరవై ఏళ్ళుగా నేను పోగేస్తున్నది వీటినే, అందులోనూ ఎవరికీ పట్టనివాటిని. కారు షెడ్లలో గిటార్లు వాయించుకున్న పదహారేళ్ళ పిల్లలవి, చిన్న పట్టణంలో చందాలేసుకుని అచ్చు వేయించుకున్న సోల్ గాయకులవి, ఒక్క పాట పాడి మళ్ళీ ఫ్యాక్టరీ పనికి వెళ్ళిపోయినవాళ్ళవి. 1972లో లెన్నీ కే అనే ఆయన అలాంటి 27 పాటలు ఏరి 'నగ్గెట్స్' అని జంట ఎల్పీగా వేశారు. అది విన్న రోజు నుంచి నాకు హిట్ పాటల మీద మనసు పోలేదు.

మెంఫిస్‌లో మొదట చూసింది మెక్‌లెమోర్ అవెన్యూలోని స్టాక్స్ రికార్డు కంపెనీ మ్యూజియం. గ్రామఫోను చరిత్రలో నాకిష్టమైన చిరునామా అది. జిమ్ స్టీవర్ట్ అనే బ్యాంకు ఉద్యోగి, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కలిసి 1960లో అక్కడి పాత సినిమాహాలును స్టూడియోగా మార్చారు. అంతకుముందే రికార్డింగ్ యంత్రం కొనడానికి ఆవిడ ఇల్లు తాకట్టు పెట్టారు. హాలు నేల తెర వైపు వాలుగా ఉండేది, దాన్ని చదును చేయించలేదు. ఇప్పుడు మ్యూజియంలో కట్టిన నమూనా స్టూడియోకూ ఆ వాలు అలాగే పెట్టారు. అందులో నడుస్తుంటే పాదాలు వాటంతటవే ముందుకు జారతాయి. మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టికెట్ మీద కూర్చున్న పిల్లకాయలందరం తెర దగ్గరికి జారినట్టే.

హాలు పక్కన ఎస్టెల్ రికార్డుల దుకాణం ఉండేది. ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ నచ్చేది ఆవిడే. లోపల కొత్త పాట కట్టగానే దుకాణంలో మోగించి, పేటలోని పిల్లల కాళ్ళు ఆడుతున్నాయో లేదో చూసేవారట. అలా ఆ కొట్టు చుట్టూ తిరిగిన పేట కుర్రాడే బుకర్ టి. జోన్స్. 1962లో 'గ్రీన్ ఆనియన్స్' వాయించేనాటికి అతనికి పదిహేడేళ్ళు. ఆ పాట మొదట ప్లేటుకు వెనక వైపు వచ్చింది. జనమే దాన్ని తిరగేసి ముందుకు తెచ్చారు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒక బల్ల దగ్గర అన్నం తినడమే కష్టమైన ఊళ్ళో ఈ స్టూడియోలో వాళ్ళు ఒకే గదిలో కూర్చుని వాయించారు. తర్వాత అన్నీ దెబ్బలే. 1967 డిసెంబరులో స్టాక్స్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ విమాన ప్రమాదంలో పోయాడు. 1968 ఏప్రిల్‌లో అదే ఊళ్ళో లొరేన్ మోటెల్ బాల్కనీలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అదే ఏడు, పాత ఒప్పందంలోని షరతు వల్ల, స్టాక్స్ పాటల మాతృకలు అట్లాంటిక్ కంపెనీ పరమయ్యాయి. 1975లో దివాలా. 1989లో భవనాన్ని కూలగొట్టారు. ఇప్పుడున్నది 2003లో మళ్ళీ కట్టింది. చాలా బాగా కట్టారు. అయినా కూలగొట్టి ఉండాల్సింది కాదు. ఊళ్ళో కూలగొట్టినదాన్ని ఈ ఏడంగుళాల ప్లేట్లు కాపాడాయి.

ఆ మధ్యాహ్నం తిన్న భోజనం సంగతి కూడా చెప్పాలి. చిన్న హోటలు, నాలుగు బల్లలు. బెండకాయ ముక్కలు మొక్కజొన్న పిండిలో పొర్లించి కరకరలాడేలా వేయించి తెచ్చారు. మా బావమరిది పళ్ళెం ఖాళీ చేసి "అక్క చేసిన వేపుడే బావగారూ, ఉల్లికారం లేదంతే" అన్నాడు. బెండకాయను వాళ్ళు 'ఓక్రా' అంటారు, అది ఇగ్బో భాష మాట. ఇంకో పేరు 'గంబో', అది బంటూ భాషలది. ఆఫ్రికా నుంచి బానిసలుగా లాక్కొచ్చిన మనుషులతోపాటు వచ్చిన కూర ఇది. వాళ్ళ పాట, వాళ్ళ కూర రెండూ ఆ పేటలోనే నా ముందుకు వచ్చాయి. ఇంకో పళ్ళెం తెప్పించుకున్నాం.

కూపర్-యంగ్ పేటలోని గోనర్, మాడిసన్ అవెన్యూలోని షాంగ్రీలా, రెండూ మంచి రికార్డుల దుకాణాలే. ఒక పూటలో రెండూ చూసేశాం. ఫజ్ గిటారు బురబురలాడే గరాజ్ సింగిల్స్ ఆరు కొన్నాను. పక్కన రికార్డులు ఏరుకుంటున్న ఒకాయన, నా చేతిలోని జాబితా చూసి, దక్షిణ మెంఫిస్‌లో ఒక ఇంటికి ఫోను చేసిపెట్టారు. "ఆయన నాన్న జూక్‌బాక్సులు తిప్పేవాడు" అన్నారు. అంతే, నాకు కాలు నిలవలేదు.

జూక్‌బాక్సు వ్యాపారం ఎలా నడిచేదో ఆ పెద్దాయన వరండాలో కూర్చోబెట్టి చెప్పారు. పెట్టె బారు యజమానిది కాదు, తిప్పేవాడిది. వారానికోసారి వచ్చి నాణేలు లెక్కపెట్టి పంచుకునేవాళ్ళు, మోగనివి తీసేసి కొత్తవి పెట్టేవాళ్ళు. 1950లో సీబర్గ్ కంపెనీ 45ల కోసం తెచ్చిన పెట్టెలో 50 ప్లేట్లు, అంటే నూరు పాటలు పట్టేవి. "నాన్న స్టైరీన్ అంటే మండిపడేవాడు. బరువు ముల్లు కింద త్వరగా అరిగిపోయి, పాటంతా బుసబుసలే" అన్నారు. తీసేసిన ప్లేట్లు కొన్ని అమ్మేసేవాడు, కొన్ని ఇంటికి తెచ్చేవాడు. ఆ ఇంటికి తెచ్చినవి షెడ్డులో పదకొండు చెక్కపెట్టెల నిండా ఉన్నాయి.

వాటి లేబుళ్ళ మీద పెన్సిలు గీతలున్నాయి. చాకలి పద్దు రాసినట్టు నాలుగు నిలువు గీతలు, వాటికి అడ్డంగా ఒకటి. ఏమిటని అడిగాను. ఆ పాట పెట్టెలో నిలిచిన వారాలట. చాలావాటికి ఒకటీ రెండూ గీతలే. నాకు తెలిసిన పెద్ద హిట్‌కు తొమ్మిది. అప్పుడు ఆయన ఆ ప్లేటు తీశారు, గోటితో కొట్టి విన్నది.

ఒట్టి తెల్ల లేబుల్. అచ్చులో పాట పేరు లేదు, గాయకుడి పేరు లేదు, కంపెనీ లేదు. ఒక వైపు 'స్పీడు', ఇంకో వైపు 'నిదానం' అని చేతిరాత. గాళ్ళు అయిపోయి లేబుల్ మొదలయ్యే నున్నటి చోట నాలుగంకెల సంఖ్య చెక్కి ఉంది. 'నిదానం' వైపు గాళ్ళు నల్లగా లేవు, బూడిదరంగుకు తిరిగాయి. ఆ వైపు లేబుల్ మీద పదిహేడు గీతలు. కుర్రాడెవరో అచ్చు ఫ్యాక్టరీలో నమూనా ప్లేటు తీసుకుని తిన్నగా పెద్దాయన నాన్న దగ్గరికొచ్చి బతిమాలాడట. నాన్న ఒకే ఒక్క బారులో పెట్టాడు. నాలుగు నెలలు తీయనివ్వలేదు అక్కడి జనం.

పెద్దాయన ముల్లు పెట్టారు. ముందు గరగర, చింతనిప్పుల మీద ఉప్పు వేసినట్టు. దాని వెనక నుంచి ఆర్గాను, ఆ తర్వాత బేస్ గిటారు, ఆపైన గొంతు. ఇరవై ఏళ్ళు కూడా లేని గొంతు. పై స్థాయికి వెళ్ళినప్పుడు సన్నగా పగిలింది. పగిలినచోట ఆపకుండా దాని మీదుగానే పాడుకుంటూ వెళ్ళాడు. ట్రంపెట్ ఒకచోట శ్రుతి తప్పింది. మళ్ళీ వాయించడానికి స్టూడియోకు ఇచ్చుకునే డబ్బు వాళ్ళ దగ్గర లేదని ఆ తప్పే చెబుతోంది. రెండున్నర నిమిషాలు. మా బావమరిదికి ఈ పాటలేవీ పట్టవు. అతనే "ఇంకోసారి పెట్టమనండి" అన్నాడు.

మా లోకంలో వెలకట్టే పద్ధతి వేరు. 1965లో ఫ్రాంక్ విల్సన్ పాడిన ఒక సింగిల్‌ను కంపెనీ బయటికి వదలకుండా దాదాపు అన్ని ప్రతులూ నాశనం చేసింది. మిగిలినవాటిలో ఒక ప్రతి 2009లో 25,742 పౌండ్లకు పోయింది. దానికి కారణం ఉత్తర ఇంగ్లండ్ కార్మికుల పిల్లలు. అక్కడి విగన్ కాసినో నాట్యశాలలో 1973 నుంచి 1981 దాకా వాళ్ళు రాత్రంతా నాట్యమాడింది ఇలా అమెరికాలో అమ్ముడుపోని పాటలకే. వాళ్ళకు నేను ఎప్పుడూ దణ్ణం పెడతాను. వాళ్ళు విమానమెక్కి వచ్చి గోదాములు వెతక్కపోతే సగం ప్లేట్లు చెత్తలో కలిసేవి. కానీ ఆ పద్ధతిలో గీత పడని ప్లేటుకే విలువ. నేనూ ఇన్నాళ్ళూ దీపం కింద తిప్పితిప్పి, చిన్న గీత కనబడితే పక్కన పెట్టేసినవాణ్ణే. అది తప్పు. ఎవరూ వినని ప్లేటు తళతళలాడుతుంది. ఈ ప్లేటును పదిహేడు వారాలు నాణేలు వేసి విన్నారు.

వెల చెప్పమంటే ఆయన చెప్పలేదు. అరవై డాలర్లిచ్చాను. ఇరవై తిరిగి నా చొక్కా జేబులో పెట్టి, "తీసుకెళ్ళి వినండి, బీరువాలో పెట్టకండి" అన్నారు.

ఇప్పుడది కాకినాడలో మా నాన్నగారి ఈపీల పక్కన నిలబడి ఉంది. మొన్న వాటిని దులుపుతుంటే ఒక ఘంటసాల ఈపీ తొడుగు లోపలి వైపు నాన్నగారి పెన్సిలు రాత కనిపించింది. తేదీ, దాని కింద 'అమ్మకు వినిపించాను' అని. ముప్పై ఏళ్ళుగా ఆ ప్లేటు నా దగ్గరే ఉంది, నేను చూడనేలేదు. మీ ఇంటి అటక మీద పాత ప్లేట్లుంటే దించండి. పడుకోబెట్టకండి, వంగిపోతాయి, నిలబెట్టి పెట్టండి. తడిగుడ్డతో తుడిచే ముందు తొడుగూ లేబులూ రెండు వైపులా చూడండి. పెన్సిలు గీతలుంటే తుడవకండి.