ఎర్రబస్సు బాట

మన వూళ్ళలో ఎర్రబస్సు దిగినవాడంటే వట్టి పల్లెటూరి అమాయకుడని ఎగతాళి. లండన్ చూసిన తరువాతగాని ఆ మాట మీద నాకు చిన్నతనం పోలేదు. అక్కడ మహానగరం నడిబొడ్డున తిరిగేవన్నీ ఎర్రబస్సులే! పైగా వాటికి ప్రత్యేకంగా ఒక బాట. రోడ్డుకు ఎడమ అంచున లావుపాటి తెల్లగీత గీసి, బస్సులదని పెద్ద అక్షరాలతో రాసి పెడతారు. లండన్‌లో యీ ఏర్పాటు 1968లో మొదలయింది. నీలం బోర్డు మీద చూపిన వేళల్లో కార్లు అందులో నడవకూడదు. చాలా బాటల్లో సైకిళ్ళు మాత్రం పోవచ్చు.

యీ చివరిమాట నాకెంతో నచ్చింది. ఇరవైయేళ్ళుగా విజయవాడలో నేను కాలేజీకి సైకిలు మీదనే పోతున్నాను. పక్కన వస్తున్న కారు చెప్పాపెట్టకుండా ఎడమకు తిరిగితే గుండె ఎలా జారిపోతుందో నాకొకరు చెప్పనక్కరలేదు.

"ఎంత అదృష్టవంతులమ్మా మీ సైకిలువాళ్ళు!" అన్నాను మా మేనకోడలితో. అమ్మాయి నవ్వి, "చూద్దురుగాని, మావయ్యా" అంది.

ఆ సాయంత్రమే చూశాను. అమ్మాయి కారు నడుపుతోంది. కుడిచేతి సందులోకి తిరగాలి. ఎదుటి నుంచి వచ్చే కార్లు బారులు తీరి ఆగిపోయాయి. ఆ వరుసలో ఒక పెద్ద వ్యాను అతను మమ్మల్ని చూసి, ముందు కాస్త చోటు వదిలి, లైట్లు ఒకసారి మిణుకుమనిపించి, దయచేయండన్నట్టు చెయ్యి వూపాడు. అతని మర్యాదకు నేను మురిసిపోయాను. అమ్మాయి తటపటాయిస్తూంటే, "పోనీయవమ్మా! పాపం, అంత మర్యాదగా దారి ఇచ్చాడు గదా!" అన్నవాణ్ణి నేనే.

కారు వ్యాను ముందునుంచి తిరిగింది. వ్యానుకు అవతలనే బస్సుబాట. ఖాళీగా వుందనుకున్నాం, చాటున ఏమున్నదీ కనబడితేగా? బ్రేకు కీచుమంది. కారుకు జానెడు దూరంలో ఒక కుర్రాడు, సైకిలు మీదనుంచి ఒక కాలు నేలకు ఆనించి నిలబడిపోయాడు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో! తిట్టలేదు. పాలిపోయిన ముఖంతో మా వంక ఒక్కసారి చూసి, వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండుననిపించింది.

ఇంటికి రాగానే అమ్మాయి అక్కడి రోడ్డు నిబంధనలు చూపించింది. లైటు వెలిగించడానికి 'నేనిక్కడున్నాను' అన్నదొక్కటే అర్థంట. 'నువ్వు రావచ్చు' అని కాదు! 2022 జనవరి 29 నుంచి మరో మాట స్పష్టంగా చేర్చారు. మలుపు తిరిగే కారు, తిన్నగా పోయే సైకిలుకు అడ్డం రాకూడదు. మరో మోటారుబండికి ఎలా అడ్డం తిరగమో, సైకిలుకూ అంతే.

మర్నాడు స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర బో కూడలికి తీసుకువెళ్ళింది. 2011లో కొద్దివారాల తేడాతో ఇద్దరు సైకిలువాళ్ళు అక్కడ లారీల కింద పడి మరణించారు. ఆ తరువాతనే సైకిళ్ళకు మిగతా బండ్లకంటే కొన్ని సెకండ్లు ముందుగా పచ్చదీపం వెలిగే ఏర్పాటు చేశారు. లారీ తిరిగేలోగా సైకిలు దాని కళ్ళ ముందుకు వచ్చేస్తుందన్నమాట. రెండు ప్రాణాలు పోయాక దొరికిన సెకండ్లవి.

అక్కడ నిలబడివుండగా నాకొకటి తోచింది. వ్యాను అతను మంచివాడే. కాని అతను మాకిచ్చిన చోటులో సగమే అతనిది. తక్కిన సగం ఆ కుర్రాడిది. దాన్ని ఇచ్చే హక్కు అతనికి లేదు. పుచ్చుకొమ్మని చెప్పే హక్కు నాకూ లేదు.

ఇప్పుడు ఎవరి కారు ఎక్కినా, మలుపు రాగానే, "ఒక్క క్షణం ఆగండి, చాటున సైకిలుందేమో!" అంటాను. మిత్రులు విసుక్కుంటారు. ఎర్రబస్సు దిగినవాడని నవ్వుకుంటారు కాబోలు. నవ్వుకోనీయండి.