అడుగుల లెక్క

మా యింట జమాఖర్చుల పుస్తక మొకటి కలదు. అందు పాలలెక్క, చాకలి పద్దు, వెచ్చముల పట్టీ మొదలగువాని నడుమ, 2021వ సంవత్సరము జనవరి నెల పుటలో నొక వింత లెక్క కానవచ్చును. ఒకనాడు 40, మఱునాడు 46, పిదప నొక దినము సున్న, ఆపై 71. ఇవి రూపాయలు కావు. మా అత్తగారు వాకరు పట్టుకొని నడచిన అడుగులు. ఈ లెక్క తొమ్మిది దినములు సాగి ఆగిపోయినది. తక్కిన తొమ్మిది నెలల లెక్క ఏమైనదో సోదరీమణులకు విన్నవింపదలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మఱిది హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. పరుగు పందెములనిన అతనికి ప్రాణము. అది అతనికి వృత్తి కాదు. బహుమానములు తెచ్చినవాడును కాడు. తన సొమ్మే కట్టి, ఆదివారము తెల్లవాఱకమునుపే లేచి, వేలకొలది జనముతోబాటు 21 కిలోమీటర్లు పరుగెత్తి, ఒక చొక్కాయు నొక అరటిపండును పుచ్చుకొని వచ్చును. నిండు మారథాను 42 కిలోమీటర్ల 195 మీటర్లట; ఇది అందు సగము. “దీనిని అర్ధమారథాను అనవచ్చునా అన్నయ్యా?” అని యతడొకమారు అడుగగా, మా యింటివారు బడిపంతులు గనుక, “అది వైరిసమాసమగును, సగము పరుగు అనుము” అని సరిదిద్దిరి.

2020లో శార్వరి ఉగాదికి అతడు రాజమహేంద్రవరమునకు వచ్చియుండెను. సరిగా ఆ పండుగనాడే, అనగా మార్చి 25వ తేదీని, కరోనా మూలమున దేశమంతట రాకపోకలు కట్టువడినవి. గోదావరి గట్టున పరుగెత్తవలసినవాడు డాబామీద గానుగెద్దువలె తిరుగజొచ్చెను. చేతి ఫోనులోని యాప్ తన పరుగును సరిగా చూపుటలేదని అతనికి చిరాకు. ఫోను ఉపగ్రహముల సంకేతములనుబట్టి మన యునికిని గుర్తించును. అందు నాలుగైదు మీటర్ల పొరపాటు సహజము. మా డాబా వెడల్పే అంతంతమాత్రము. కావున పటములో నతడు పొరుగువారి కొబ్బరిచెట్టు మీదుగ దుమికి వారి పెరటిలో దిగినట్లు గీతలు పడుచుండెను.

“ఇవన్నియు వీధులలో పరుగెత్తువారికి చేసినవి. నా లెక్క నేనే కట్టుకొనెదను, వదినగారూ! నాకొక యాప్ నేనే చేసికొనెదను” అనెను.

కొలువు పని ముగిసిన పిమ్మట రాత్రులయందును, తెల్లవాఱుజామునను కూర్చుండి పని మొదలిడెను. మొదట దానికి పేరు వెదకెను. పది దినములు పట్టినది. పిదప ఏ రంగు బాగుండునని మమ్ము పిలిచి చూపెను. పిదప వందరోజులు నడచినవారికి బంగారు బిళ్ల బొమ్మ, మిత్రులలో నెవరు ముందో చూపు వరుసలు. అడుగులు లెక్కించు పని మాత్ర మింకను మొదలు కాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మా అత్తగారు నవ్విరి.

ఆ లెక్క ఎట్లు జరుగునో అతడు చెప్పగా మాకు ముచ్చటయైనది. ఫోనులో కదలికను పసిగట్టు చిన్న పరికరము కలదు. మనము అడుగు వేసినపుడెల్ల నడుము ఒకింత లేచి దిగును గదా. ఆ యెగుడుదిగుడు లొక అలవలె దానికి తగులును. అల యింత యెత్తు దాటినచో నొక అడుగు, దాటనిచో లేదు. ఆ యెత్తునకు అతడు గడప అని పేరుపెట్టెను. ఆ గడపను ముప్పది యేండ్లయినను నిండని, దృఢకాయుడగు తన నడకనుబట్టి నిర్ణయించెను.

పరీక్షింపుమని మా ఫోనులోను దానిని పెట్టెను. ఉదయ మయిదు గంటలకు లేచి రాత్రి పది గంటలకు నడుము వాల్చువఱకు మేమెన్నిమార్లు పెరటికిని వంటింటికిని తిరిగితిమో దైవ మెఱుగును. సాయంకాలము చూడగా 312 అడుగులు! ఫోను పగలంతయు వంటింటి గూటిలో నుండెను మఱి. చీరకు జేబు లేదు. ఆ సంగతి మా మఱిదికి ఎన్నడును తోచలేదు. మఱునాడు రొంటిన దోపుకొని మజ్జిగ చిలుకగా, కూర్చున్నచోటనే ఆఱువందల అడుగులు నడచినట్లు చూపెను. మేము గూటిలోని లెక్కకు నొచ్చుకొనవలెనో, కవ్వపు లెక్కకు సంతసింపవలెనో తెలియలేదు. చెప్పగా నతడు నవ్వి, “తరువాతి కూర్పులో సరిచేసెద” ననెను. లోకములోని పెక్కు కొలతలు లాల్చీ జేబులోనుండియే మొదలగునని మాకు ఆనాడు తోచినది.

దినమునకు పదివేల అడుగులని అతడు గురి పెట్టెను. పదివేలే యేల అని మా యింటివా రడిగిరి. అందఱును అట్లే పెట్టుదురని అతని సమాధానము. తరువాత విచారింపగా తెలిసినదేమన, 1964లో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగిన మఱుసటి యేడు జపానులో నొక వర్తకసంస్థ నడుమునకు కట్టుకొను అడుగుల యంత్రమును అమ్మజూపి దానికి మాన్పోకెయ్ అని పేరిడెను. వారి భాషలో పదివేల అడుగుల కొలమానమని యర్థము. ఆ పేరు పలుకుటకు ఇంపుగా నుండుటచే సంఖ్య లోకమంతట వ్యాపించినది. 2019లో అమెరికాలో సుమారు 17 వేలమంది వృద్ధస్త్రీల అడుగులను లెక్కించి వైద్యపండితులు ప్రకటించిన పరిశోధనలో, దినమునకు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 వేయువారిలో మరణములు తక్కువగ నుండెననియు, 7,500 దాటిన పిమ్మట అదనపు లాభము కానరాలేదనియు తేలినదట. మన యిండ్లలోని పెద్దలకు ఈ మాట తెలియుట మంచిది. పదివేలు కాలేదని దిగులుపడువారు కొందఱు మాకు తెలియును.

ఆ సంవత్సరము డిసెంబరులో అత్తగారు పెరటిలో పాచిమీద కాలుజాఱి పడిరి. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స చేసి, దినదినమును కొంచెము కొంచెము నడిపింపుమని వైద్యులు చెప్పిరి. డెబ్బదేండ్ల ప్రాయమున మరల నడక నేర్చుట! మేమొక గుడ్డసంచి కుట్టి, అందు ఫోను పెట్టి ఆమె నడుమునకు కట్టితిమి. ఆమె వాకరు పట్టుకొని చెమటలు గ్రమ్మగా మంచమునుండి గుమ్మమువఱకు పోయి వచ్చిరి. ఫోను సున్న చూపెను. నేలను రాచుచు వేసిన ఆమె అడుగు మా మఱిది పెట్టిన గడప దాటలేదు.

“నేను నడువలేదనుచున్నదా యీ పెట్టె?” అని ఆమె అడిగినపుడు మా కన్నులు చెమర్చినవి.

అందుచే మేమే చూచి లెక్కించి జమాఖర్చుల పుస్తకములో వ్రాసితిమి. అవియే యా తొమ్మిది దినములు. మా మఱిది ఆ సున్నను చూచి మాటాడలేదు. రంగులను, బిళ్లలను, వరుసలను విడిచి, తల్లి నడకను పదేపదే కొలిచి, ఆమెకొఱకు వేఱుగ నొక గడప కట్టెను. తొమ్మిదవనాటి రాత్రి నిదురపోలేదు. పదవనాడు ఆమె నడచిన అడుగులకు ఒకటి రెండు తేడాతో సరిపోయినది. ఆ యాప్‌లో నతడు చేసిన పనియంతటిలో మేలైనది అదియే. దానికి ఏ బిళ్లయు లేదు.

పరుగు ముగిసిన పిమ్మట “ఈనాడు ఎట్లున్నది?” అని రెండు ముక్కలు వ్రాసికొనుటకు అందొక చిన్న పెట్టె యుండెను. అతడు పరుగువారికై పెట్టినది. అత్తగారు సాయంకాలము దానిలో మాచేత వ్రాయించుచుండిరి. “తులసికోటవఱకు పోయితిని, పదివేలు ఎవరికోయి” అని యొకనాడు. “కాలు నాది కాదు, కోడలిది” అని మఱియొకనాడు. ఫిబ్రవరిలో నతడు హైదరాబాదు వెడలినను ప్రతిరాత్రియు అచట చదివికొనుచుండెను. ఫోను లెక్కించుచున్నది గదా అని మేము పుస్తకములో వ్రాయుట మానితిమి. ఈ తప్పు మాదే, ఇతరులపై మోపము.

వీధిచివర రామాలయమువఱకు ఒకమారు పోయి వచ్చిరి. ఆ వర్షాకాలమున జ్వరము తగిలి మంచము పట్టి, దసరా రాకమునుపే పరమపదించిరి.

ఇక యాప్ కథ. అప్పటికి దానిని వాడువారు మాతో కలిపి ఇరువదిమువ్వురు. అందఱును అతని మిత్రులును మిత్రుల మిత్రులును. తాటాకుల యిల్లు ఏటేట కప్పవలెను గదా, ఇదియు నట్టిదే. ఆండ్రాయిడ్ ఏటేట క్రొత్తరూపు దాల్చును. దానికి తగినట్లు పాతపనిని మరల సరిచేయవలెను. బ్యాటరీ పొదుపుచేయుటకై కొన్ని ఫోనులు ఇట్టి యాపులను చాటున అణచివేయును. అపుడు లెక్క తప్పును. గూగుల్ వారి అంగడిలో పెట్టుటకు ఒకమారు 25 డాలర్లు చాలునుగాని, ఆపిల్ వారికి ఏటేట 99 డాలర్లు. లెక్కలన్నియు దాచు దూరపు యంత్రమునకు నెలనెల అద్దె. మిత్రులందు పలువురు, 2009 నుండి నడచుచున్న స్ట్రావా వంటి పెద్దవానికి మరలిపోయిరి. ఇన్నింటికిని తెల్లవాఱుజాములే ఖర్చయినవి. అనగా నతడు పరుగెత్తవలసిన వేళలే. పరుగుకొఱకు మొదలిడిన పని పరుగును మ్రింగినది. 2022 వేసవినాటికి ఏడు నెలలుగ నతడు బూట్లు తొడుగలేదు, పొట్ట వచ్చినది. ఒకనాడు విసిగి అద్దె కట్టుట మానెను. ఎవరికిని చెప్పలేదు.

సాంవత్సరికమునాడు సాయంకాలము, బంధువులు వెడలిన పిమ్మట, అత్తగారి మాటలు చదువుకొందమని మేము ఫోను తీసితిమి. చిన్న చక్రము తిరుగుచునేయుండెను.

“అది ఆపివేసి రెండు నెలలైనది, వదినగారూ.”

“మఱి అమ్మ లెక్క, నాయనా?”

అతనికి అప్పుడు తోచినది. విచారింపగా, అద్దె కట్టనివారి సామాను ఆ యంత్రమువారు కొన్నాళ్లుంచి తుడిచివేయుదురట, గడువు దాటినది. అతని పరుగులన్నియు అతని కంప్యూటరులో వేఱుగ దాచుకొని యుండెను. ఈ మాట విన్నపుడు మాకు కోపము వచ్చినదని దాచనేల? రెండు దినములు అతనితో మాటాడలేదు.

విడిచిపెట్టుట నేరమని మేమనము. మా పెట్టెలో సగము కుట్టిన దిండుగలీబు పదేండ్లుగ నున్నది. అది మా సొంతము, ఎవరికిని నష్టము లేదు. కాని పదిమంది తమ వస్తువులు దాచుకొన్న గదికి తాళము వేయునపుడు పిలిచి చెప్పవలదా? సిగ్గుపడితినని అతడనెను. ఆ సిగ్గు ఒక ఉత్తరము వ్రాయు పాటి సేపు దిగమ్రింగవలసినది. మీ యిండ్లలో కొడుకులో తమ్ములో ఇట్టివి చేయుచున్నచో, ఏ రంగు బాగున్నదని అడిగినపుడు, మా లెక్క మా చేతికి ఎట్లు వచ్చునని మీరు తిరిగి అడుగుడు. మేమడుగలేదు.

మూడవనాడు అతడు తక్కిన ఇరువదియిద్దఱికిని క్షమాపణగ వ్రాసెను. ముగ్గురు బదులు వ్రాసిరి. తక్కినవారు దానిని మఱచియే యుండిరట. 2023 సంక్రాంతికి వచ్చినపుడు ఫోను ఇంటనే విడిచి, ఒక చవుక గడియారము చేతికి పెట్టుకొని గోదావరి గట్టున పరుగెత్తి వచ్చెను. ఎంత దూరమని మా యింటివా రడుగగా, కోటిలింగాలఘట్టమువఱకని చెప్పెను.

ఆ రాత్రి జమాఖర్చుల పుస్తకము అతడే తీసికొనివచ్చెను. ప్రతిరాత్రియు చదివినవాడు గనుక తల్లి మాటలు అతనికి కొన్ని కంఠస్థముగ నుండెను. అతడు చెప్పుచుండ మేము వ్రాసితిమి. మాకు తోచినవి చేర్చితిమి. తొమ్మిది దినముల లెక్కకు దిగువ పదునేడు పంక్తులైనవి. ఒకదానియందు మాత్రము మాకు తగవు వచ్చినది. రామాలయమునకు పోయి వచ్చిననాడు ఆమె “దేవుడు దూరమయినాడు” అని వ్రాయించినారని అతడు. “గుడి దూరమయినది” అని మేము. వ్రాసినవారము మేము, చదివినవాడతడు. ఇద్దఱిలో నెవరమును తగ్గలేదు. రెండును ఆ పుటలో నున్నవి.